నేల మీది ఆట: లింకన్ జ్ఞాపకాలు

సోమవారం ఉదయం ల్యాబుకు వచ్చేసరికి ఆ కుర్రవాడి వేళ్లన్నిటికీ తెల్ల టేపు చుట్టి ఉండేది. మట్టిని తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా బయటికి లాగి, అది ఎంత పొడవు వచ్చాక తెగిందో చూసి అందులో బంకమన్ను ఎంతో చెప్పడం ఆ వారం పాఠం. టేపు ఉన్న వేళ్లకు మట్టి గరుకూ నునుపూ తెలియవు. అందుకని అతను టేపు విప్పాడు. గోళ్ల కింద రక్తం గడ్డకట్టి నల్లబడి ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా కమిలిన మచ్చలు, కొన్ని ఊదారంగులో, కొన్ని మానుతూ పసుపుపచ్చగా. ఏమైందని అడిగాను. "ఏమీ కాలేదు, ప్రాక్టీసు" అని, మట్టిని ఓపికగా పిసికి, "సిల్టీ క్లే లోమ్" అన్నాడు. సరైన జవాబే.

అది 1994 సెప్టెంబరు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ పూర్తిచేసి, మృత్తికా శాస్త్రంలో ఎంఎస్ చదవడానికి అమెరికాలో లింకన్‌లోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి వచ్చి అప్పటికి నెల రోజులయింది. మొదటి ఏడాది విద్యార్థులకు మట్టి ల్యాబు చెబితే నా ఖర్చులు గడిచేవి. ఆ కుర్రవాడు అదే ల్యాబులో విద్యార్థి. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో గార్డు. గార్డు అంటే బంతిని ముట్టుకోనివాడు, ఎదుటివాణ్ని గుద్ది పక్కకు నెట్టేవాడు. అతను నాలుగో వరుస గార్డు. తనకంటే ముందున్న ముగ్గురికీ ఏదో ఒకటి అయితే తప్ప మైదానంలోకి అడుగుపెట్టే అవకాశం లేదు. స్కాలర్‌షిప్ కూడా లేదు. అలాంటివారిని అక్కడ వాక్-ఆన్ అంటారు, అంటే ఎవరూ పిలవకుండా తనంతట తాను వచ్చి చేరినవాడని అర్థం. రాష్ట్రం పడమటి వైపున ఒక చిన్న ఊరి రైతు బిడ్డ. "నీకు ఆడే అవకాశం రానప్పుడు ఇన్ని దెబ్బలు ఎలా తగిలాయి?" అని అడిగితే, "మాకు శనివారం తప్ప మిగతా రోజులన్నీ ఆటే" అన్నాడు.

ఆ మాట వెనక ఎంత ఉందో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

లింకన్‌లో నేను ఈస్ట్ క్యాంపస్‌కు దగ్గరలో, హోల్డ్రెజ్ వీధి పక్క సందులో ఒక ఇంటి నేలమాళిగ గదిలో అద్దెకు ఉండేవాణ్ని. ఇంటాయన మొక్కజొన్న రైతు. పొలం కొడుక్కి అప్పగించి పట్నంలో స్థిరపడ్డారు. ఆ రాష్ట్రం జట్టు పేరే కార్న్‌హస్కర్స్, మొక్కజొన్న కండెల పొట్టు ఒలిచేవాళ్లు. ఒక జట్టు తన పనిపాటలనే పేరుగా పెట్టుకోవడం నాకు మొదటి రోజే నచ్చింది. పులులు, సింహాలు, డేగలు ఎక్కడైనా ఉంటాయి. పొట్టు ఒలిచేవాళ్లు ఎక్కడుంటారు?

నాకు తెలిసిన ఫుట్‌బాల్ కాలితో తన్నేది. ఇది చేత్తో పట్టుకుని పరుగెత్తేది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోకపోతే బంతి ఎదుటివారిదవుతుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక పెద్దాయన వంటింటి బల్ల మీద 11 మొక్కజొన్న గింజలు పేర్చారు. ఎదుటి జట్టు కోసం నా డబ్బాలోంచి 11 శనగలు తెమ్మన్నారు. ఆ బల్ల దగ్గరే నాకు జట్టు ప్రధాన కోచ్ టామ్ ఓస్బోర్న్ గారి ఆట మొదటిసారి అర్థమయింది.

ఆయన చెప్పింది ఇది. చాలా జట్లలో, ప్రతి ప్రయత్నంలో బంతిని ముందుగా అందుకునే క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనక ఉన్నవాడి చేతిలో పెట్టి తాను ఊరికే నిలబడతాడు. ఆ క్షణం నుంచి మనవాళ్లు పది మంది, ఎదుటివాళ్లు 11 మంది. అదీగాక బంతి మోసేవాడు ఎవరినీ అడ్డుకోలేడు. లెక్క మొదట్లోనే తప్పిపోయింది. ఓస్బోర్న్ ఆ లెక్కను సరిచేశారు. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తేవాడే కావాలన్నారు. పైగా ఎదుటి జట్టు ముందువరుస, అంటే లైన్, చివరనున్న మనిషిని ఎవరూ ముట్టుకోకుండా వదిలేయమన్నారు. పెద్దాయన ఆ చివరి శనగను వేలితో చూపించి, "వీణ్ని మనం కొట్టం, చదువుతాం" అన్నారు. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి పక్కన పరుగెత్తే ఐ-బ్యాక్‌కు విసిరేస్తారు. వాడు ఐ-బ్యాక్ వైపు జరిగితే క్వార్టర్‌బ్యాకే సందులోంచి దూరిపోతాడు. అంటే మన మనిషి ఒక్కడు కూడా ఖర్చు కాకుండా వాళ్ల మనిషి ఒకడు ఆటలోంచి తొలగిపోతాడు. అలా మిగిలిన మన మనిషి ఇంకొకరిని గుద్దడానికి వెళతాడు. దీనినే ఆప్షన్ అంటారు.

నిజానికి ఓస్బోర్న్ మొదటినుంచీ ఇలా ఆడించలేదు. 1973లో బాబ్ డెవానీ నుంచి ప్రధాన కోచ్ పదవి అందుకున్నప్పుడు ఆయన బంతిని బాగానే విసిరించేవారు. కాని అటు ఓక్లహోమాలో బారీ స్విట్జర్ జట్టు పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌తో ఆడేది. 1973 నుంచి 1977 దాకా వరుసగా అయిదేళ్లు ఓక్లహోమా చేతిలో ఓడిపోయారు. 1978లో 17-14తో మొదటిసారి గెలిచారు. గెలిచాక కూడా ఆయన ఆ ఓటముల పాఠం మరిచిపోలేదు. 1980లకు వచ్చేసరికి ఆప్షన్ ఆయన ఆటకు వెన్నెముక అయింది. తనను ఓడించిన విద్యను తీసుకుని, దానికి తన బలాన్ని, బంతి మోసే బలిష్ఠుడైన ఫుల్‌బ్యాక్‌ను ముందుంచి నేరుగా గుద్దుకుంటూ పోయే మొరటు ఆటను జోడించారు. నెబ్రాస్కా నవంబరు గాలి కూడా ఒక కారణం. ఆ మైదానాల మీద అడ్డూ ఆపూ లేకుండా వీచే గాలిలో విసిరిన బంతిని నమ్మలేం. నేల మీద మోసుకుపోయే బంతిని నమ్మవచ్చు. వానను నమ్మి పంట వేసే ఊళ్లోంచి వచ్చినవాడికి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆయనకు విద్యా మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు ఉందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అదే విశ్వవిద్యాలయంలో 1965లో తీసుకున్నారు. హేస్టింగ్స్ అనే చిన్న పట్టణంలో పుట్టి పెరిగి, కొన్నాళ్లు వృత్తి జట్లలో బంతి అందుకునే ఆటగాడిగా ఆడి, తిరిగి సొంత రాష్ట్రానికే చదువుకోసం వచ్చారు. విసిరిన బంతి పట్టుకోవడం వృత్తిగా ఉన్న మనిషి, కోచ్ అయ్యాక బంతిని విసరవద్దనే ఆటకు పేరు పొందాడు. తన ఇష్టాన్ని పక్కన పెట్టి, ఆ నేలకూ ఆ పిల్లలకూ ఏది సరిపోతుందో అది ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. బడులు పెట్టిన పంతుళ్లలో కూడా ఆ గుణం అరుదు.

ల్యాబు కుర్రవాడు అప్పుడప్పుడూ పని ముగిశాక ఆగి మాట్లాడేవాడు. మిగతా విశ్వవిద్యాలయాల్లో ప్రాక్టీసు జరిగేటప్పుడు మొదటి వరుస ఆటగాళ్లు ఆడుతుంటే మిగతావారు నిలబడి చూస్తారట. ఓస్బోర్న్ మైదానాన్ని భాగాలు చేసి ఒకేసారి నాలుగు చోట్ల ఆట నడిపించేవారు. మొదటివాళ్లు, రెండోవాళ్లు, మూడోవాళ్లు, నాలుగోవాళ్లు అందరూ ఒకే సమయంలో అదే ఆట ఆడుతుంటారు, నిజంగా గుద్దుకుంటూ. "మా నాలుగోవాళ్లు ఒక రోజులో తగిలించుకునే దెబ్బలు ఇతర చోట్ల మొదటివాళ్లకు వారంలో కూడా తగలవు" అన్నాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఇంట్లో తనకూ ఒక కంచం ఉందని చెప్పుకునే పిల్లవాడి గొంతులా ఉంది.

బరువులు ఎత్తించడానికి జీతమిచ్చి శిక్షకుణ్ని పెట్టుకోవడంలో కూడా ఆ జట్టు ముందుంది. ఓస్బోర్న్ ఇంకా సహాయ కోచ్‌గా ఉన్న రోజుల్లో, 1969లో, బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ విద్యార్థిని జీతమిచ్చి ఆటగాళ్ల దేహబలం చూసేందుకు పెట్టుకున్నారు. బరువులెత్తితే కండరాలు బిగుసుకుపోయి పరుగు మందగిస్తుందని అందరూ నమ్మే కాలం అది. ఇప్పుడు అలాంటి శిక్షకుడు లేని పెద్ద కళాశాల జట్టు లేదు.

ఒక రోజు ల్యాబులో కుర్చీలు జరిపి అతను నాకు మొదటి అడుగు చూపించాడు. రెండు కాళ్లూ కొంచెం ఎడంగా పెట్టి, నడుము కిందికి దింపి, ఒక చెయ్యి నేలకు ఆనించాడు. పక్కనున్న ఎండుమట్టి బస్తాను ఎదుటివాడు అనుకోమన్నాడు. కదిలినప్పుడు పాదం జానెడు కూడా లేవలేదు. నేలను రాసుకుంటూ ముందుకు జరిగింది. తుంటి మాత్రం ముందుకు వెళ్లింది. ఆ తర్వాత అరచేతులు, ఆ తర్వాత భుజం. బస్తా గోడకు తగిలింది. "పాదం ఎత్తితే ఆ క్షణం నువ్వు ఒంటికాలి మీద ఉంటావు. ఒంటికాలి మీద ఉన్నవాణ్ని ఎవరైనా పడేస్తారు. ఈ ఒక్క అడుగు అయిదుగురం కలిసి వేస్తే ఆట అయిపోయినట్టే" అన్నాడు. రోజుకు ఎన్నిసార్లు వేస్తారని అడిగాను. లెక్కపెట్టడం మానేశానన్నాడు.

అక్టోబరు చివరి శనివారం, 29వ తేదీన, కొలరాడోతో ఆట. కొలరాడో అప్పటికి దేశంలో రెండో స్థానంలో ఉంది, నెబ్రాస్కా మూడో స్థానంలో. మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ఒక్క టిక్కెట్టు కూడా మిగలలేదు. పెద్దాయనకూ భార్యకూ ఏళ్ల తరబడి రెండు సీట్లు ఉన్నాయి. ఆవిడ మోకాలి నొప్పి వల్ల మెట్లు ఎక్కలేక ఆ రోజు తన టిక్కెట్టు నాకిచ్చారు, తన ఎర్ర ఊలు శాలువాతో సహా. ఊరు ఊరంతా ఎర్రగా కదులుతోంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు, ట్రాక్టరు కంపెనీ టోపీలు పెట్టుకున్న రైతులు. ఆట ఉన్న రోజు ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నాకు కోటప్పకొండ తిరునాళ్ల గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. ఇంటికి దూరమైన మూడు నెలల్లో అంత జనం మధ్య నిలబడింది ఆ రోజే. నెబ్రాస్కావాళ్లు బంతితో చివరి గీత దాటిన మొదటి టచ్‌డౌన్‌కు వేలకొద్దీ ఎర్ర బుడగలు ఒక్కసారి ఆకాశంలోకి లేచాయి.

"బంతిని చూడకు. ఆ అయిదుగురిని చూడు" అన్నారు పెద్దాయన.

ముందు వరుసలో అయిదుగురు. ఆ ఏడాది వాళ్లను అందరూ పైప్‌లైన్ అని పిలిచేవారు. జాక్ వీగర్ట్, ఆరన్ గ్రాహమ్, బ్రెండెన్ స్టాయ్, జోయెల్ విల్క్స్, రాబ్ జటెచ్కా. ఎదుటివాణ్ని వెల్లకిలా పడేస్తే దాన్ని పాన్‌కేక్ అని లెక్కపెట్టేవారు. బంతి కదిలిన క్షణంలో ఆ అయిదుగురూ ఒకే మనిషిలా కదిలేవారు. మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్లీ మూడు గజాలు. కొత్తగా చూసేవాడికి ఇందులో ఏముందనిపిస్తుంది. కాని నేను బండలాగుడు చూసి పెరిగినవాణ్ని. బరిలో కాడి కట్టిన జత బండను కదిలించే ఆ మొదటి లాగుడు, మోకు బిగుసుకుని చప్పుడు చేయడం, గిట్టలు మట్టిలో దిగబడడం, చివర టేపు పట్టి అడుగులు అంగుళాలతో సహా కొలవడం నా ఒంట్లో ఉన్నాయి. ఇక్కడ కూడా గొలుసు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకొచ్చి గజాలు కొలుస్తున్నారు. ఇది నాకు పరాయి ఆట కాదనిపించింది.

ఆటను నాలుగు పాదాలుగా ఆడతారు. మూడో పాదంలో ఒక సంగతి గమనించాను. ఒక్కో ప్రయత్నానికీ మధ్యలో కొలరాడో ముందువరుసవాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నారు. నెబ్రాస్కా అయిదుగురు మాత్రం మొదటి నిమిషంలో ఎలా వచ్చి వంగారో అలాగే వచ్చి వంగుతున్నారు. 24-7తో గెలిచారు. మైదానం అంచున ఎర్ర కోటులో పొడుగ్గా నిలబడ్డ ఓస్బోర్న్ ముఖంలో గెలిచినప్పుడు కూడా పెద్ద మార్పు కనబడలేదు. ప్రతి ప్రయత్నంలోనూ ఏ ఎత్తు ఆడాలో ఆయనే స్వయంగా పిలిచేవారు. మూడో గజం రాని ఎత్తునే మళ్లీ పిలుస్తారు, మళ్లీ పిలుస్తారు. ఎదుటివాళ్లు దాన్ని ఆపడానికి ముందుకు జరిగి, అలసి, ఒక్క అడుగు పొరపాటు వేసే దాకా పిలుస్తూనే ఉంటారు. బయటివాళ్లు దీన్ని మొరటు ఆట అనేవారు. నేను చూసినంతలో అంత ఓపిక గల ఆట మరొకటి లేదు.

ఇంటికి వస్తూ పెద్దాయన నాకు 1984 ఆరెంజ్ బౌల్ కథ, అంటే సీజను చివర జరిగే పెద్ద ఆట కథ చెప్పారు. మయామీతో ఆట. ఇంకా 48 సెకన్లు ఉన్నాయనగా నెబ్రాస్కా టచ్‌డౌన్ చేసి 31-30కి వచ్చింది. బంతిని తన్ని ఒక్క పాయింటు తీసుకుంటే ఆట సమానం, దాదాపు ఖాయంగా జాతీయ విజేత పట్టం. ఓస్బోర్న్ బంతిని మళ్లీ గీత దాటిస్తే వచ్చే రెండు పాయింట్ల కోసం వెళ్లారు. క్వార్టర్‌బ్యాక్ టర్నర్ గిల్ విసిరిన బంతి ఎదుటివాడి చేతికి తగిలి కింద పడింది. పట్టం పోయింది. "ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారాక మాత్రం, ఆయన సరిగ్గానే చేశాడనుకున్నాను" అన్నారు. ఆ తర్వాత పదేళ్లు పట్టం రాలేదు. 1987 సీజను నుంచి వరుసగా ఏడేళ్లు సీజను చివరి బౌల్ ఆటలు ఓడిపోయారు. ఈ ఆట పాతబడిందనీ, ఫ్లోరిడా జట్ల వేగం ముందు నిలవదనీ దేశమంతా రాసింది. ఓస్బోర్న్ వేగంగా పరుగెత్తే పిల్లలను తెచ్చుకున్నారు గాని, ఆటను మార్చలేదు. 1994 జనవరిలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 18-16తో ఓడినప్పుడు, గెలుపు చేతిలో ఉన్న సమయానికి గడియారంలో 1 నిమిషం 16 సెకన్లు మిగిలాయి. ఆ వేసవిలో జట్టు కసరత్తు చేస్తున్నంతసేపూ స్టేడియం గడియారంలో 1:16 వెలుగుతూ ఉండేదని ల్యాబు కుర్రవాడు చెప్పాడు.

1995 జనవరి 1 రాత్రి, మళ్లీ ఆరెంజ్ బౌల్, మళ్లీ మయామీ, మళ్లీ వాళ్ల సొంత మైదానం. బయట గడ్డకట్టే చలి. పెద్దాయన ఇంట్లో మేం ముగ్గురం. ఆవిడ కాల్చిన మొక్కజొన్న రొట్టె ఎవరూ ముట్టుకోలేదు. మూడు పాదాలు ముగిసేసరికి మయామీ 17, నెబ్రాస్కా 9. మయామీ లైన్ మధ్యలో వారెన్ సాప్ అనే కొండలాంటి మనిషి ప్రతిసారీ దూసుకొస్తున్నాడు. కాలిలో రక్తం గడ్డలు కట్టి నెలల తరబడి ఆటకు దూరమైన క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్‌ను నాలుగో పాదంలో మళ్లీ దించారు. అప్పటిదాకా సీజనంతా భారం మోసిన బ్రూక్ బెరింజర్ చప్పట్లు కొడుతూ పక్కన నిలబడ్డాడు.

అప్పుడు ఓస్బోర్న్ ట్రాప్ అనే ఎత్తు పిలిచారు. దాని గురించి పెద్దాయన గింజలతో ఎన్నిసార్లు చెప్పారో. ఎదుటి లైన్‌లో అందరికంటే ఆవేశంగా దూసుకొచ్చేవాణ్ని ఆపరు. దారి ఇచ్చి లోపలికి రానిస్తారు. వాడు ఖాళీ దొరికిందని రెండడుగులు లోపలికి వేశాక, అవతలి వైపు గార్డు లైన్ వెనక నుంచి అడ్డంగా పరుగెత్తుకొచ్చి పక్కటెముకల మీద కొడతాడు. వాడు ఖాళీ చేసిన చోటులోంచి ఫుల్‌బ్యాక్ వెళ్లిపోతాడు. బలవంతుడి బలమే వాణ్ని దారిలోంచి తప్పిస్తుంది. మూడు గంటలుగా ఆప్షన్ ఆడి ఆడి మయామీవాళ్లను పక్కలకు పరుగెత్తడం అలవాటు చేశారు. అందరి కళ్లూ పక్కలకే ఉన్నాయి. నడిమధ్య నేల ఖాళీ. కోరీ ష్లెసింజర్ అనే ఫుల్‌బ్యాక్ 15 గజాలు పరుగెత్తి గీత దాటాడు. రెండు పాయింట్ల ప్రయత్నం కూడా ఫలించింది, 17-17. మయామీవాళ్లు అలసిపోయి ఊపిరి అందక నిలబడ్డారు. మూడు నిమిషాలు కూడా లేవనగా అదే మనిషి, అదే ఆట, ఈసారి 14 గజాలు. 24-17.

పెద్దాయన లేచి నిలబడలేదు, అరవలేదు. బల్ల మీద మిగిలిన మొక్కజొన్న గింజలను ఒక్కొక్కటిగా ఏరి గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. ఆ తర్వాత వీధిలో హారన్ల మోత తెల్లవార్లూ ఆగలేదు.

ఆయన మీద నాకున్న గౌరవానికి ఒక మచ్చ ఉంది. దాన్ని దాచి రాయలేను. 1995 సెప్టెంబరులో జట్టులోని ఒక ముఖ్య ఆటగాడు తన మాజీ స్నేహితురాలిని కొట్టి అరెస్టయ్యాడు. జట్టు నుంచి ఆరు ఆటలు దూరం పెట్టి, ఓస్బోర్న్ మళ్లీ తీసుకున్నారు. జట్టు క్రమశిక్షణే ఆ కుర్రవాణ్ని నిలబెడుతుందని ఆయన నమ్మారు. గెలుపు కోసం చేశారని నేననను. కాని ఆ అమ్మాయి అదే ఊళ్లో, అదే క్యాంపస్‌లో చదువుకోవాలి. వంటింటి బల్ల దగ్గర పెద్దాయనతో మొదటిసారి వాదించాను. ఆవిడ నా వైపే మాట్లాడారు. ఆ శనివారం ఆవిడ రేడియో పెట్టలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఆ 1995 జట్టు ఆడినట్టుగా మరే జట్టూ ఆడగా నేను చూడలేదు. 12 ఆటలు, 12 గెలుపులు. అతి తక్కువ తేడాతో గెలిచిన ఆటలో కూడా 14 పాయింట్ల తేడా ఉంది. చివరిది ఫియెస్టా బౌల్. ఎదురుగా ఫ్లోరిడా. స్టీవ్ స్పరియర్ తీర్చిన, బంతిని గాలిలో ఆడించే జట్టు, అదీ ఓటమి ఎరగనిదే. గాలి ఆటకూ నేల ఆటకూ ఇక తేలిపోతుందని పత్రికలు రాశాయి. మొదటి పాదం ముగిసేసరికి ఫ్లోరిడా 10-6తో ముందుంది. చివరికి 62-24. నేల మీదే 524 గజాలు. మూడో పాదం చివర ఫ్రేజియర్ 75 గజాల పరుగు ఒకటి ఉంది. నలుగురైదుగురు చుట్టుముట్టారు, ఆగిపోయాడు, పడిపోయాడనుకున్నాం. కాళ్లు మాత్రం ఆగలేదు. ఆ గుంపులోంచి ఒక్కడే బయటికొచ్చి, ఇక ఎవరూ అందుకోలేని ఖాళీలోకి వెళ్లిపోయాడు.

1996 ఏప్రిల్ 18న బ్రూక్ బెరింజర్ నడుపుతున్న చిన్న విమానం లింకన్‌కు దగ్గరలోని పొలంలో కూలింది. రెండు రోజుల్లో వృత్తి జట్లు ఆటగాళ్లను ఎంచుకునే రోజు ఉందనగా. ఆ వార్త విన్న సాయంత్రం మా ల్యాబులో ఎవరూ పని చేయలేదు. పైప్‌లైన్ వెనక నిలబడి, ఊపిరితిత్తి దెబ్బతిన్నా ఆడి, ఫ్రేజియర్ తిరిగి రాగానే మాట లేకుండా స్థానం ఇచ్చిన పిల్లవాడు. తర్వాతి కాలంలో స్టేడియం బయట ఓస్బోర్న్ విగ్రహం పెట్టినప్పుడు, పక్కన బెరింజర్‌ను కూడా నిలబెట్టారు. ఎంతోమంది పెద్ద ఆటగాళ్లుండగా అతణ్నే ఎంచుకున్నారు.

మా కుర్రవాడు నాలుగేళ్లలో ఒక్కసారి మైదానంలోకి దిగాడు. పెద్ద తేడాతో గెలుస్తున్న ఆటలో, చివరి నిమిషాల్లో. అతని తల్లిదండ్రులు అయిదు గంటలు కారు నడుపుకుని వచ్చారట. మరుసటి సోమవారం అతను నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మొదటి అడుగు బాగా పడింది" అని మాత్రం చెప్పి వెళ్లాడు.

1997 డిసెంబరులో ఓస్బోర్న్ విరమిస్తున్నట్టు ప్రకటించారు. చివరి ఆటలో టెనెసీని 42-17తో ఓడించి, 1994, 1995 సీజన్ల పట్టాల తర్వాత మూడో పట్టాన్ని మిషిగన్‌తో పంచుకున్నారు. 25 ఏళ్లలో 255 గెలుపులు. ఏ ఏడాదీ తొమ్మిదికి తగ్గలేదు.

1998 వేసవిలో నేను ఇంటికి వచ్చాను. పెద్దాయన టీవీ నుంచి ఎక్కించిన ఆరెంజ్ బౌల్ క్యాసెట్టు పెట్టెలో బట్టల మధ్య పెట్టి పంపారు. అమెరికా క్యాసెట్టు మన వీసీఆర్‌లో ఆడదు. గల్ఫ్ నుంచి వచ్చిన మా మేనమామ దగ్గర అన్ని రకాలూ ఆడించే వీసీఆర్ ఉంటే తెచ్చాం. నాన్న అప్పటికి పోటీ ఎడ్లను అమ్మేసి రెండేళ్లయింది. కొట్టం ఖాళీగా ఉంది. చెర్నాకోల మాత్రం గోడకు వేలాడుతోంది.

నాన్నకు ఆట నియమాలు చెప్పబోయాను. "చెప్పకు, చూస్తాను" అన్నారు. మూడు పాదాలు మాట్లాడలేదు. నాలుగో పాదంలో ఫుల్‌బ్యాక్ గీత దాటగానే అన్నయ్య పిల్లలు మంచం మీద ఎగిరి గంతులు వేశారు. నాన్న కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నారు.

"మళ్లీ తిప్పరా."

తిప్పాను. అందరం బంతి పట్టుకున్నవాణ్ని చూస్తున్నాం. నాన్న వేలు తెర మీద ఇంకో చోట ఉంది, లైన్ వెనక నుంచి అడ్డంగా వస్తున్న గార్డు మీద.

"వీడి కాళ్లు చూడు. నేల వదలడం లేదు."

ఇంకోసారి తిప్పాను. మరోసారి. పిల్లలు విసుగెత్తి బయటికి వెళ్లిపోయారు. అమ్మ అన్నానికి పిలిచింది. నాన్న కదల్లేదు. తెర మీద గార్డు మళ్లీ వంగి, మళ్లీ మొదటి అడుగు వేశాడు.

"ఎవరి బిడ్డో" అన్నారు నాన్న. మళ్లీ తిప్పమన్నారు.